పటము కొఱకా, చూపు కొఱకా?

ప్రతి సంవత్సరమును పరీక్షలు ముగిసి యెండలు ముదురు వేళకు, పెద్ద నగరములలో విద్యార్థులకు చిత్రకళను నేర్పుదుమను ప్రకటనలు బయలుదేరును. పూర్వమివి గోడలమీదను పత్రికలలోను కనబడెడివి. ఇప్పుడు చేతిలోని ఫోనులోనికే వచ్చి చేరుచున్నవి. పది దినములలో ప్రకృతిదృశ్యము, ఇరువది దినములలో ముఖచిత్రము, నెల తిరుగునప్పటికి ప్రదర్శనమును ధ్రువపత్రమును: ఇది వాని సారాంశము. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు మొదలగు పట్టణములనుండి పిల్లలను చెన్నపట్టణమందలి బంధువుల యిండ్లకు పంపి యిట్టి శిక్షణమున చేర్పించు తల్లిదండ్రులు కలరు. హైదరాబాదునకు పంపువారును కలరు. సెలవులలో పిల్లలకొక విద్య యబ్బవలయునను వారి కోరికను మేము మెచ్చుకొనుచున్నాము.

మెచ్చుకొనుచునే యొక మాట చెప్పక తప్పదు. శిక్షణాంతమున పిల్లవాడు చంకను పెట్టుకొని తెచ్చు పూర్తియైన పటమే ఆ శిక్షణమునకు కొలబద్ద యని మన గృహస్థులు తలచుచున్నారు. ఈ తలపు ఉన్నంతకాలము ఆ నెలయును, ఆ రుసుమును, ఆ పిల్లవాని యుత్సాహమును నీటిపాలే. ఇందు తప్పు నేర్పువారియందు కొంత కలదు. అడుగువారియందు అంతకంటె నెక్కువ కలదు. మా యీ మాట కొందఱకు కటువుగా తోచవచ్చును. పటము తయారగు విధమును తెలిసికొనినపిమ్మట వారే తీర్పు చెప్పుదురుగాక.

మొదటి దినమున పిల్లవాని చేతికొక ఛాయాచిత్రము నిత్తురు. అది తఱచుగా బుద్ధుని ముఖమో, వినాయకుడో, ఎవరును చూడని దేశమందలి మంచుకొండయో యైయుండును. దానిపై నిలువుగను అడ్డముగను గళ్ళు గీయుదురు. కాన్వాసుపైనను అన్నియే గళ్ళు గీయుదురు. ఇక నొక గడిలోని గీతలను మఱియొక గడిలోనికి దింపుకొనుచు పోవుటయే పని. రంగులను గురువుగారు ముందుగనే కలిపి యుంచుదురు. కన్ను కుదరనిచోట, పెదవి వంకర పోయినచోట, గురువుగారే కుంచె నందుకొని దిద్దుదురు. నెల చివర వార్నీషు పూసి, చట్రము బిగించి, మూలను పిల్లవాని పేరు వ్రాయింతురు. పటము నిజముగనే అందముగ నుండును. పేరొక్కటి తప్ప అందు పిల్లవాని దేమియు నుండదు.

గళ్ళు గీయుట స్వతః దోషము కాదు. యూరపు ఖండమున పూర్వచిత్రకారులు తాము చిన్న కాగితముపై గీసికొనిన చిత్తును పెద్ద గోడమీదికి పెంచుటకు ఈ యుపాయమునే వాడిరి. ఐతే, ఆ చిన్న చిత్తును వారు తమ కంటితో చూచి తమ చేతితో గీసినవారు. ఇచ్చటనో, చూచినది ఛాయాచిత్రపు పెట్టె, కలిపినది గురువు, దిద్దినది గురువు. గడులు నింపినవాడు మాత్రమే శిష్యుడు. దీనిని చిత్రలేఖనమనుట, పక్కవాని పలకను చూచి లెక్క దింపుకొనుటను గణితమనుటవంటిది.

మా మాట నమ్మనివారు ఇంటనే పరీక్షించి చూడవచ్చును. పటము తెచ్చిన పిల్లవాని యెదుట వంటింటిలోని యిత్తడి చెంబు నొకదానిని బల్లపై నుంచి, దీనిని గీయుమని చెప్పుడు. నూటికి తొంబదిమంది చెంబుమూతిని గుండ్రముగ గీసి, అడుగును అడ్డగీతగ గీయుదురు. మూతి గుండ్రమని వారికి తెలియును. చెంబు బల్లపై కదలక నిలుచునని తెలియును. కావున తెలిసినది గీసిరి. కంటికి కనబడునది వేఱు. కొంచెము పైనుండి చూచినపుడు మూతి కోడిగ్రుడ్డువలె నణగియుండును. చెంబును కంటిమట్టమునకు ఎత్తినకొలది ఆ గ్రుడ్డు సన్నబడి, సరిగ కంటిమట్టమునకు వచ్చినపుడు ఒక గీతయగును. అడుగు కంటికి మఱింత క్రింద నుండుటచే దాని వంపు మూతివంపుకంటె గుండ్రముగ కనబడును. ఈ సంగతిని వ్యాకరణసూత్రమువలె బట్టీపట్టించిన లాభము లేదు. పిల్లవాడు చెంబు ముందు కూర్చుండి, పదిమాఱులు తప్పుగ గీసి, పదునొకండవమాఱు ‘ఓహో’ యని తానే కనుగొనవలయును. ఆ ‘ఓహో’ కొఱకే శిక్షణము. ఆ యొక్క క్షణమున వాడు తాను తెలిసికొనియున్నదానికిని, ఎదుట నున్నదానికిని గల భేదమును గుర్తించినాడు. ఇంతకంటె పెద్ద విద్య యేది?

ఇట్టి చూపును నేర్పు సాధనములు క్రొత్తవి కావు, ఖరీదైనవియు కావు. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలును నిలువుగ పట్టుకొని, మనిషి తల యెంత, మొత్తము నిలువున అట్టివెన్ని తలలు అని కొలుచుట యొకటి. తాపీవాని గుండునూలువలె నొక దారమును వ్రేలాడదీసి, చెవి క్రిందికి భుజము వచ్చినదా, భుజము క్రిందికి మడమ వచ్చినదా యని చూచుట యొకటి. కుర్చీని గీయుటకు మాఱుగా, కుర్చీ కాళ్ళ నడుమ నున్న ఖాళీల యాకారములను గీయుట యొకటి. కన్నులు సగము మూసికొని, చిన్న వివరములు మాసిపోగా మిగిలిన వెలుగు చీకటులను మాత్రము బొగ్గుతో దింపుట యొకటి. కదలుచున్న మనిషిని రెండు నిమిషములలో నాలుగైదు గీతలలో పట్టుకొనుట యొకటి. వీనికి కావలసినది మోటు కాగితములును, బొగ్గుపుల్లలును, ఒక రబ్బరును. చెన్నపట్టణపు మే నెలలో చేయి చెమర్చి బొగ్గు అలికిపోవును గనుక, చేతిక్రింద వేసికొనుట కొక వట్టి కాగితము. కాన్వాసు వెల పెట్టలేని గృహస్థుని బిడ్డకును ఈ విద్య అందుబాటులోనిదే.

ఐతే, ఈ పద్ధతిలో నెల చివర మిగులునది చట్రము బిగించిన పటము కాదు. నూఱు నూటయేబది చెడిన కాగితములు. ‘అయ్యా, మేమట్లు నేర్పుటకు సిద్ధమే, కాని ఈ చెడిన కాగితములను చూపినచో తల్లిదండ్రులు రెండవమాఱు పంపుదురా?’ అని నేర్పువారు మమ్ము అడుగవచ్చును. ఆ ప్రశ్నకు మేము సిగ్గుపడుచున్నాము. పంపరని మే మెఱుగుదుము. సంగీతమున పిల్లకు సరళీస్వరములు రానిదే కీర్తన చెప్పవలదనువారే, చిత్రలేఖనమున మాత్రము మొదటి నెలలోనే కీర్తన కావలయునందురు. వచ్చిన చుట్టమునకు చూపుటకు గోడపై నేదో యుండవలయును. అడిగినవానికి అడిగినది అమ్ముట వ్యాపారధర్మము. అంగడివానిని మాత్రమే తిట్టి కొనుగోలుదారుని విడిచిపుచ్చుట న్యాయము కాదు.

గళ్ళు నింపుటకే యైనచో పిల్లవానిని పెద్ద నగరమునకు పంపవలసిన పని యేమి? ఆ పని యేయూరనైనను జరుగును. నగరమున మాత్రమే దొరకునవి వేఱు కలవు. అవి యే గదిలోను లేవు. చెన్నపట్టణము మాటయే తీసికొందము. అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు 1850లో స్థాపించిన కళాపాఠశాల నేడు ప్రభుత్వ లలితకళాశాలయై అచ్చట నున్నది. దేవీప్రసాద రాయ్ చౌధురి 1929లో దానికి అధ్యక్షుడయ్యెను. ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయనయే. దానికి దూరము కాని ఎగ్మూరులో 1851లో స్థాపింపబడిన ప్రభుత్వ వస్తుప్రదర్శనశాల యున్నది. అందు మన కృష్ణాతీరమునుండి పోయిన అమరావతి స్తూపశిల్పములు కలవు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్చిన రాళ్ళలో పెక్కు 1859లో ఓడ యెక్కి లండనునకు పోయినవి. అవి నేడు బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. చెన్నపట్టణమున నిలిచినవియు, తరువాతి త్రవ్వకములలో దొరకి చేరినవియు ఎగ్మూరులో నున్నవి.

ఆ శిలలలో నళగిరి యను మదగజమును బుద్ధుడు శాంతింపజేసిన కథను చెక్కిన గుండ్రని ఫలక మొకటి కలదు. సుమారు 1800 సంవత్సరముల నాటిది. ఒకవైపున ఏనుగు వీధిలోనికి దూకి మనుష్యులను చిందఱవందఱ చేయుచున్నది; జనులు ఒకరిమీద నొకరు పడుచు పరుగెత్తుచున్నారు; పైని గవాక్షములనుండి స్త్రీలు తొంగిచూచుచున్నారు. రెండవవైపున ఆ యేనుగే బుద్ధుని పాదములకడ మోకరిల్లియున్నది. ఒకే వలయములో రెండు కాలములు, ఒకే గజము రెండుమాఱులు. ఆ కలవరమును ఈ శాంతిని ఒకే రాతిలో శిల్పి యెట్లు కూర్చెనో తెలిసికొనుటకు, దానిముందు కాగితము పట్టుకొని ఒక ప్రొద్దు కూర్చుండుటకంటె మంచి యుపాయము లేదు. పరుగెత్తువారి దేహములు ఏ దిక్కునకు వంగియున్నవో, మ్రొక్కువారి దేహములు ఏ దిక్కునకు వంగియున్నవో గీతలు గీసికొని చూచిన బాలునకు, ఆ కథ యెన్నడును మఱపు రాదు. తెలుగుబిడ్డ అమరావతిని చూచుటకు చెన్నపట్టణమునకు పోవలసివచ్చుట చరిత్ర చేసిన పని. పోయియు దానిని చూడక, ఎగ్మూరునకు రెండు మైళ్ళ దూరమున చల్లనిగదిలో కూర్చుండి మంచుకొండను గళ్ళలో నింపి తిరిగివచ్చుట మాత్రము మనము చేసికొనుచున్న పని.

మెరీనా తీరమున రాయ్ చౌధురి చేసిన శ్రమవిజయమను విగ్రహసమూహ మున్నది. నలుగురు మనుష్యులొక బండను కదలించుచున్నారు. తెల్లవారుజామున కోయంబేడు అంగడికి పోయి, కూరగాయల బస్తాలను వీపున మోయు కూలివారి నడకను రెండేసి నిమిషములలో గీసికొని, ఆ మఱునాడు ఈ విగ్రహము ముందు నిలుచుండిన విద్యార్థికి ఉపన్యాసము అక్కఱలేదు. బరువు మోయు దేహమున వెన్నెముక యెట్లు వంగునో, ఏ కాలిపై భారము పడునో వాని కన్నే వానికి చెప్పును. అంతటితో నాగక, తాను రోజూ చూచుచున్నను చూడని కూలివానిని మొదటిసారి మనిషిగ చూచును. సంఘసంస్కారమును గూర్చి మనము వ్రాయు పది వ్యాసములు చేయలేని పని, ఒక్క బొగ్గుపుల్ల చేయగలదు.

నగరము కన్నిచ్చుట అనగా నేమో దామెర్ల రామారావు చరిత్ర చెప్పుచున్నది. రాజమహేంద్రవరమున 1897లో పుట్టిన యీ బాలుని చేతిని, అచ్చటి కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించెను. 1916లో రామారావు బొంబాయిలోని సర్ జె. జె. కళాపాఠశాలలో చేరెను; విద్య ముగించి 1920లో గోదావరీతీరమునకు మరలివచ్చెను. వచ్చి బొంబాయిని గీయుచు కూర్చుండలేదు. తన యూరి మనుష్యులను, తన నది యొడ్డును చిత్రించెను; తోడివారిని కూడగట్టి చిత్రకళాశాలను నెలకొల్పెను. ఆయన భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రలేఖనమున కృషి చేసిరి. ఇరువదియెనిమిదేండ్లు నిండకముందే, 1925లో మశూచికమువలన ఆయన మరణించెను. ఆయన చిత్రములు నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన మందిరమున నున్నవి. నాలుగేండ్లలో అయిన పని ఒక నెలలో అగునని మే మనుట లేదు. నగరమునకు పోయిన విద్యార్థి యేమి తెచ్చుకొనవలయునో అది మాత్రము ఈ చరిత్రవలన స్పష్టము. తన యింటిని తన యూరిని క్రొత్తగ చూచు కన్ను తెచ్చుకొనవలయును.

ఇక నాక్షేపణలను విచారింతము. మాట చెప్పినమాత్రమున నిమిషములో బొమ్మ వేసియిచ్చు యంత్రములు వచ్చినవి గదా, ఇక పిల్లలకు ఈ శ్రమ యెందుకని కొందఱందురు. పటమే ప్రయోజనమైనచో వారి మాట నిజము. ఆ యంత్రమునకే రుసుము చెల్లించి పిల్లవానిని ఆటలకు విడువవచ్చును. గళ్ళు నింపు శిక్షణములకు ఈ యంత్రము తగిన ప్రత్యుత్తరము. కాని చెంబుమూతి అణగియుండుటను మా యబ్బాయి కొఱకు ఏ యంత్రమును కనుగొనజాలదు. ఒకరి కొఱకు మఱియొకరు భుజింపలేనట్లే, ఒకరి కొఱకు మఱియొకరు చూడలేరు. పటములు చౌకయైన యీ కాలమున చూపు మఱింత ప్రియమైనది.

పోటీపరీక్షల చదువునకు ఇది యడ్డమనువారు మఱికొందఱు. వైద్యవిద్యకును యంత్రశాస్త్రమునకును ప్రవేశము కోరు పిల్లలకు వేసవియొకటి పోయిన జీవితమే పోవునని వారి భయము. వీరికి స్పెయిను దేశపు వృత్తాంత మొకటి చెప్పుదుము. సాంతియాగో రమోన్ ఇ కహాల్ అను బాలుడు చిత్రకారుడు కావలయునని పట్టుపట్టెను. తండ్రి శరీరశాస్త్రమును బోధించు వైద్యుడు, ఆయనకది గిట్టదు. 1868 వేసవిలో ఆ తండ్రి కొడుకును శ్మశానములకు తీసికొనిపోయి, అచ్చట దొరకిన యెముకలను చూచి గీయుమనెను. ఎముకలను గీయుచు గీయుచు బాలునకు వైద్యశాస్త్రమున రుచి పుట్టెను. తరువాత సూక్ష్మదర్శినిలో కనబడిన నాడీకణములను ఆయన స్వహస్తముతో చిత్రించి, అవి యొకదానితో నొకటి కలిసిపోయిన వల కాదనియు, వేటికవి విడివిడి కణములనియు స్థాపించెను. 1906లో నోబెల్ బహుమానమందెను. ఆ చిత్రములను నేటికిని శాస్త్రజ్ఞులు ఆదరముతో చూచుచున్నారు. చిత్రలేఖనము చదువునకు శత్రువు కాదు. చూడకయే జవాబు గుర్తుపెట్టు అలవాటే చదువునకు శత్రువు. దానిని మనము వేలకు వేలు పోసి కొనుచున్నాము.

అన్నిటికంటె వింతయైన యాక్షేపణ బాలికల విషయమున వచ్చును. ‘ఆడపిల్లను నెలదినములు పరాయి పట్టణమున నెట్లుంచుదుము?’ అందురు. ఈ ప్రశ్న వేయు గృహముననే, పదునైదేండ్ల బాలికను రెండేండ్లపాటు హైదరాబాదులోనో విజయవాడలోనో వసతిగృహమున నుంచి, తెల్లవారకముందునుండి రాత్రి పొద్దుపోవువఱకు ప్రవేశపరీక్షలకు తయారుచేయించుట కలదు. అప్పుడు పట్టణము పరాయిది కాదు. పిన్నిగారి యింట ఒక నెల యుండి బొమ్మలు నేర్చుకొనుటకు మాత్రము పరాయిదగును. భయము పట్టణమును గూర్చినది కాదని దీనివలన తేలుచున్నది. డబ్బు రాని విద్య బాలికకు అనవసరమను లెక్కయే భయపు ముసుగు వేసికొని వచ్చినది. ఒకవేళ పంపినను, ‘పెండ్లిచూపులలో చెప్పుకొనుట కుండును’ అనువారు లేకపోలేదు. వీరి దృష్టిలో పటము గోడకు, పిల్ల పెండ్లికి. బాలికకు తన కంటితో తాను చూచు స్వాతంత్ర్యము కలుగుటయే ఈ విద్యవలని ఫలమని మేము నమ్ముచున్నాము. ఆ ఫలమునకు వెఱచువారు ఆ మాట బయటికి చెప్పిన బాగుండును.

కావున వచ్చు వేసవికి పిల్లలను పంపదలచిన గృహస్థులు, రుసుమెంత యని యడుగుటకు ముందు నాలుగు ప్రశ్నల నడుగవలయును. మొదటి వారమున పిల్లల యెదుట ఏ వస్తువుల నుంచుదురు? పిల్లల కాగితముపై మీరు చేయి వేయుదురా? నెలలో ఎన్ని దినములు గది వెలుపలికి, వస్తుప్రదర్శనశాలకును వీధికిని తీసికొనిపోవుదురు? నెల చివర మాకేమి చూపుదురు? తేదీలు వేసిన చెడిన కాగితములన్నియు చూపుదుమని జవాబు వచ్చినచోటికి పంపుడు. పూర్తియైన పటము మా పూచీ యనినచోటికి పంపకుడు. ఇట్లు నూఱుమంది గృహస్థు లడిగినచో, నేర్పువారిలో పద్ధతి యెఱిగినవారికి ధైర్యము కలుగును, ఎఱుగనివారు నేర్చుకొందురు.

పిల్ల తిరిగి వచ్చిన దినమున ‘ఏదీ నీవు వేసిన పటము?’ అని వాకిట నిలువదీయకుడు. మొదటి దినపు చెంబును, చివరి దినపు చెంబును ప్రక్కప్రక్కను పెట్టించి చూడుడు. వెలుగు వచ్చు కిటికీకడ కొంచెము చోటును, దినమున కొక యరగంటయును ఆ పిల్లకు మిగిల్చి యుంచుడు. ఆమె ‘నాన్నగారూ, పది నిమిషములు కదలకుండ కూర్చుండుడు, మిమ్ము గీసికొనవలయును’ అనినచో, పని యున్నదని లేచిపోకుడు. ఫోను ప్రక్కను పెట్టి కూర్చుండుడు.